మైటోకాండ్రియా మీద పీహెచ్‌డీ మొదలుపెడుతున్న అమ్మాయికి

అమ్మాయ్,

క్యాన్సర్‌లో మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారుచేసే భాగం) ప్రోటీన్ల పాత్ర మీద నీ ప్రపోజల్ చదివాను. మొదటి పేజీలోనే "క్యాన్సర్ కణాల్లో మైటోకాండ్రియా పాడైపోతుంది" అని రాశావు, ముందు ఆ ముక్క కొట్టెయ్. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా కణితి గ్లూకోజ్‌ని లాక్టేట్‌గా మార్చేస్తుందని 1920ల్లో జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ చూసింది నిజమే. శ్వాసక్రియ (ఆక్సిజన్‌తో మైటోకాండ్రియా శక్తి తీసే పని) దెబ్బతినడమే దానికి మూలమని 1956లో కూడా పట్టుబట్టాడు చూడు, అక్కడే తేడా కొట్టింది. చాలా కణితుల్లో మైటోకాండ్రియా బాగానే పనిచేస్తుంది. కణానికి ఇంధనంలా పనికొచ్చే ఏటీపీ ఒక్కటే కాదు, డీఎన్‌ఏ కట్టుకోవడానికి కావాల్సిన అస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం కోసం కూడా కణం దాని మీదే ఆధారపడుతుంది.

అందుకే గంపగుత్తగా "మైటోకాండ్రియా ప్రోటీన్ల పాత్ర" అనకు. వెయ్యికి పైగా ఉన్నాయవి, అందులో దాని సొంత డీఎన్‌ఏ నుంచి వచ్చేవి 13 మాత్రమే. ఒక్కదాన్ని పట్టుకుని, అది ఏ రకంగా చెడుతోందో చెప్పు. ఎస్‌డీహెచ్ అనే మైటోకాండ్రియా ఎంజైమ్ పోతే సక్సినేట్ అనే పదార్థం పేరుకుపోతుంది, దాంతో ఆక్సిజన్ తగ్గినప్పుడు పనిచేసే హిఫ్-1 ఆల్ఫా ప్రోటీన్‌ని విరగ్గొట్టే దారి మూసుకుపోయి, ఆక్సిజన్ ఉన్నా లేనట్టే కణం ప్రవర్తిస్తుంది. కొన్ని పారాగాంగ్లియోమాలు (నాడీ కణజాలంలో వచ్చే అరుదైన కణితులు) ఇలా వచ్చేవే. ఐడీహెచ్2 అనే ఇంకో ఎంజైమ్ కథ వేరు. ఏఎంఎల్ అనే రక్త క్యాన్సర్‌లో దాని పని ఆగిపోవడం కాదు, 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థం తయారుచేసే కొత్త పని నేర్చుకుంటుంది, కాబట్టే దాన్ని ఆపే ఎనాసిడెనిబ్ 2017లో మందుగా వచ్చింది. ఇక బీసీఎల్-2 అనే ప్రోటీన్‌కి శక్తితో నేరుగా పనే లేదు. మైటోకాండ్రియా బయటి పొర మీద కూర్చుని, లోపలున్న సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటపడకుండా, అంటే కణం చావకుండా చూస్తుంది. వెనెటోక్లాక్స్ అనే క్యాన్సర్ మందు పట్టుకున్నది దాన్నే.

ఏది ఎంచుకోవాలని అడిగావు కదా, నేనైతే ఎంటీహెచ్‌ఎఫ్‌డీ2 అనే మైటోకాండ్రియా ఎంజైమ్‌ని చూడమంటాను. పెద్దవాళ్ల మామూలు కణజాలాల్లో చాలావరకు తక్కువ, కణితుల్లో ఎక్కువ, పైగా ఫోలేట్ (బి9 విటమిన్) దారిలోది. (ఫోలేట్‌ని అడ్డుకునే తొలి క్యాన్సర్ మందుల వెనక మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం ఉంది, 1929లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఏటీపీని కనిపెట్టిందీ ఆయనే. నీ టాపిక్‌లో రెండు కొసలూ ఆయన దగ్గరికే పోతాయి.)

ల్యాబ్‌లో మాత్రం మీడియం (కణాల్ని పెంచే ద్రవం) సీసా మీద లేబుల్ చదవకుండా ఏదీ మొదలుపెట్టకు. హై గ్లూకోజ్ డీఎంఈఎం అనే మీడియంలో గ్లూకోజ్ 25 మిల్లీమోలార్ ఉంటుంది, రక్తంలో ఉండేది 5కి అటూ ఇటూ. అంత చక్కెరలో శ్వాసక్రియ సరిగ్గా లేకపోయినా కణం ఎలాగోలా బతికేస్తుంది, అందులో పైరువేట్ కూడా కలిసి ఉంటే ఇంకా సుఖం, నువ్వేమో ప్రోటీన్‌ని నాక్‌డౌన్ చేసి (అంటే కణంలో దాన్ని బాగా తగ్గించి) "ఏమీ కాలేదు, దీనికి పాత్ర లేదు" అని రాసేస్తావు. గ్లూకోజ్ తీసేసి గెలాక్టోజ్ పెట్టి మళ్లీ చూడు, అప్పుడు కణం మైటోకాండ్రియా మీద ఆధారపడక తప్పదు.

ప్రోటీన్ ఎంత ఉందో చూసే వెస్టర్న్ బ్లాట్‌లో పోల్చడానికి యాక్టిన్ (కణమంతటా ఉండే ప్రోటీన్) ఒక్కటే చాలదు, మైటోకాండ్రియాలో ఉండే టామ్20 కూడా పెట్టు. లేకపోతే పెరిగింది నీ ప్రోటీనా, మొత్తం మైటోకాండ్రియానా అన్నది తేలదు. నాక్‌డౌన్ చేసిన చోట ఆ జన్యువుని తిరిగి పెట్టి చూపించు, రివ్యూయర్లు అడిగేదాకా ఆగొద్దు.

మైకోప్లాస్మా (పెంచే కణాలకి కనపడకుండా అంటుకునే బ్యాక్టీరియా) టెస్ట్ రిజల్ట్ చేతికొచ్చాకే, కణాలు ఆక్సిజన్ ఎంత వాడుతున్నాయో కొలిచే సీహార్స్ మెషీన్ బుక్ చెయ్. సరిచేసిన ప్రపోజల్ మీ గైడ్‌కి ఇచ్చే ముందు నాకోసారి పంపు.

మీ పెద్దనాన్న