12 లక్షల విరాళం: ఒక్క చెక్కుతో ఇచ్చేయవద్దు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. మా అవసరాలకు పోను 12 లక్షల రూపాయలు ఊరి కోసం ఖర్చు పెట్టాలని ఉంది. మా బోర్లలో ఉప్పునీరే పడుతుంది. మంచినీటి చెరువు నీటిని ఇసుకతో వడపోసి, క్లోరిన్ కలిపి, తక్కువ ధరకు ఇస్తామని నలుగురు కుర్రాళ్లు ముందుకొచ్చారు. నిలబడుతుందో లేదో తెలియదు. ‘స్టార్టప్‌లో పెట్టుబడి అనుకోండి మావయ్యా, పదింటిలో ఒకటి తేలినా చాలు’ అంటాడు మా మేనల్లుడు. గుడిలో అన్నదానానికి ఇస్తే నిశ్చింత అంటుంది మా ఆవిడ. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, మీ మేనల్లుడి మాట సగమే ఒప్పుకుంటాను. స్టార్టప్‌లో డబ్బు పెట్టినవారికి తొమ్మిది మునిగినా పదోది ఎన్నో రెట్లు తెచ్చి ఆ నష్టం పూడ్చవచ్చు. పోయినా వచ్చినా వాళ్ల జేబుకే. ఇక్కడ వడపోత చెడితే మీకు పోయేది డబ్బు, వాంతులు విరేచనాలతో మంచం పట్టేది ఆ నీళ్లు తాగిన పిల్లలు. కాబట్టి నీటి పరీక్షల ఖర్చులో మాత్రం పొదుపు చూడవద్దు.

స్టార్టప్‌లలో పెట్టుబడి పెట్టేవారి నుంచి తీసుకోవలసింది మరొకటి ఉంది. మొత్తం సొమ్ము మొదటిరోజే చేతిలో పెట్టరు. కొంత ఇచ్చి, పని చూసి, ఆ తర్వాతే మరికొంత ఇస్తారు. అలా ముందు చూడటం ఎందుకంటారా? దక్షిణాఫ్రికాలో పిల్లలు రంగులరాట్నం తిప్పి ఆడుకుంటుంటే నీళ్లు పైకి వచ్చే పంపు ఒకటి తయారైంది. చూడముచ్చటగా ఉంది. 2006లో అమెరికాలో దానికి 1.64 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. తీరా చాలా ఊళ్లలో పిల్లలు ఎంతసేపని ఆడతారు? ఆడవాళ్లే ఆ బరువు చక్రాన్ని చేత్తో తిప్పవలసి వచ్చింది. నాలుగు ఊళ్లలో ఏడాదిపాటు చూసి ఉంటే తెలిసే సంగతే.

మీరు లక్షన్నరతో ఒక్క వీధికి మొదలుపెట్టించండి, అదీ వేసవిలో. అక్టోబరులో చెరువు నిండుగా ఉంటే ఏ వడపోతైనా బాగానే కనిపిస్తుంది. కాలువలకు నీరు కట్టేసి, చెరువు అడుగంటి నీరు పచ్చబడినప్పుడు కదా అసలు పరీక్ష! మొదటి వారం ఎందరు వచ్చారన్నది లెక్కలోకి తీసుకోవద్దు, కొత్త మోజులో అందరూ వస్తారు. మూడో నెలలో కూడా ఖాళీ టిన్ను పట్టుకుని వచ్చే ఇళ్లెన్నో రాయించండి. 40 ఇళ్లలో 25 నిలవకపోతే ఆపేద్దామని, డబ్బు ఇవ్వకముందే కుర్రాళ్లతో కూర్చుని కాగితం మీద పెట్టండి. శిలాఫలకం మాత్రం ఇప్పుడే వేయించవద్దు. పేరు చెక్కించుకున్నాక ఆపడానికి ఎవరికీ మనసొప్పదు.

నిలబడితే రెండో విడత 4 లక్షలు ఇవ్వండి. అంతకుముందు పంచాయతీ వారిని ఒక్కటే అడగండి: మీ డబ్బు అయిపోయాక మనిషి జీతం, కరెంటు బిల్లు ఎవరు కడతారు? దానం ఎన్నో రెట్లు కావడమంటే ఆ పద్ధతిని పక్క ఊరు తన సొంత డబ్బుతో పెట్టుకోవడం. అందుకు పది పథకాలు వెతకనక్కర్లేదు. నడిచి వెళ్లి చూడగలిగిన ఒక్కటి చాలు.

ఇక మీ ఇంటావిడ మాట. డొక్కా సీతమ్మ గారి గడ్డ మీద అన్నదానాన్ని తక్కువ చేసే సాహసం నాకు లేదు. 3 లక్షలు అటు ఇవ్వండి, ఫలితం ఆ రోజే కనిపిస్తుంది. మిగిలింది చిన్న కాలపరిమితి ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉంచండి.

పన్ను సంగతి. విరాళాలకు ఇచ్చే, 80జీగా పేరుపడ్డ ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే దక్కుతుంది. తీసుకునే సంస్థకు ఆ నమోదు ఉండాలి, 2,000 రూపాయలు దాటిన నగదుకు వర్తించదు. కుర్రాళ్ల బృందానికి ఆ నమోదు లేకపోతే ఆ సొమ్ముపై మినహాయింపు ఆశించవద్దు.