రెండు హిస్టోగ్రాములు ఒకదానిమీద ఒకటి పడితే ఏ టెస్టు వాడాలి?

ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి వాటి మెరుపు కొలిచే పద్ధతి) పేషెంటుదీ కంట్రోలుదీ (పోలిక కోసం జబ్బు లేని మనిషిది) హిస్టోగ్రాము పీకులు ముప్పావు వంతు కలిసిపోయాయి, కేఎస్ టెస్టు (కొల్మొగొరోవ్-స్మిర్నోవ్, రెండు పంపిణీలు వేరా కాదా చూసేది) మాత్రం పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా ఊరికే కనిపించే అవకాశం) 0.0001 కంటే తక్కువ అంటోంది, థీసిస్‌లో రాసుకోవచ్చా అని అడిగారు. రాసుకోవద్దు.

తిరుపతిలో ఒక ల్యాబులో ఫ్లో మెషిన్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. ఈ ప్రశ్న పట్టుకుని ఏటా ఎవరో ఒకరు వస్తారు. మొన్న ఎండాకాలం ఒక పీహెచ్‌డీ అమ్మాయి వచ్చింది, బయట రోడ్డు మీద తారు కరుగుతా ఉంది, ఆమె చేతిలో ఐస్ డబ్బా, అందులో సిల్వర్ ఫాయిల్ చుట్టిన ట్యూబులు. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) పేషెంట్ల మోనోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాలు) మీద హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ అనే ప్రోటీన్ తగ్గడం ఆమె టాపిక్. తగ్గుతుందని ఎప్పుడో తేలిన సంగతే, గైడు ఇచ్చాడు కాబట్టి చేస్తా ఉంది.

"సిగ్నిఫికెన్స్ వచ్చేసిందన్నా!"

"ఎంతమందిని చూసినావమ్మా?"

"పదివేలన్నా."

"నేనడిగేది మనుషుల్ని."

"...ఒక పేషెంటు, ఒక కంట్రోలు."

నేనేం మాట్లాడలేదు. ఆ కంట్రోలు ట్యూబే తీసి, వోర్టెక్స్ చేసి, ఒక ఫైలు పట్టాను. కాసేపాగి అదే ట్యూబు మళ్ళీ పెట్టి ఇంకో ఫైలు. రెండింటినీ ఆమె టెస్టుకే ఇచ్చాం. పీ విలువ 0.05 కిందికి దిగింది, అంటే సిగ్నిఫికెంట్ అనే గీత దాటింది. "ఇదేందన్నా, రెండూ ఒకే రక్తం కదా!" అని స్క్రీన్ దగ్గరికి వంగి మళ్ళీ చదివింది.

టెస్టు తప్పేమీ చెప్పలేదు. రెండు వైపులా పదేసి వేల కణాలుంటే, క్యుములేటివ్ (కూడుకుంటూ పోయే) గీతల మధ్య ఎక్కడైనా 0.019 ఎడం కనిపిస్తే చాలు, కేఎస్ సిగ్నిఫికెంట్ అనేస్తుంది. యాభైవేలు పడితే 0.0086 ఎడం కూడా ఎక్కువే. లేజర్ కొంచెం అటూ ఇటూ అయినా, ఫ్లో రేటు మారినా ఆ మాత్రం వస్తుంది. కుండలో మెతుకులన్నీ లెక్కపెట్టినా వండింది ఒక్క కుండే కదా. కేఎస్‌ను ఫ్లో హిస్టోగ్రాములకు వాడొచ్చని యంగ్ 1977లో రాశాడు. 2001లో రోడరర్ వాళ్ళు ప్రాబబిలిటీ బిన్నింగ్ అనే ఇంకో పోలిక పద్ధతి తెచ్చినప్పుడు, కంట్రోళ్ళను కంట్రోళ్ళతోనే పోల్చి అక్కడ సహజంగా ఎంత తేడా వస్తుందో ముందు చూసుకోమన్నారు. సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కేవాళ్ళలో ఆ ముక్క చదివినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు.

కాబట్టి ఒక్కొక్క మనిషికీ ఒక్కటే అంకె తీయండి: మీడియన్ ఫ్లోరెసెన్స్, అంటే ఆ మనిషి కణాల మెరుపుల్లో నడిమి విలువ. టెస్టు ఆ అంకెల మీద చెయ్యండి. ఇక్కడ లెక్క నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. ముగ్గురికి ముగ్గురైతే మాన్-విట్నీలో (రెండు గుంపుల్ని ర్యాంకులతో పోల్చే టెస్టు) టూ-సైడెడ్ పీ 0.1 కంటే కిందికి రానే రాదు, మీ డేటా ఎంత అందంగా ఉన్నా సరే. నలుగురికి నలుగురైతే 0.029 దాకా దిగుతుంది. మందు ముందూ తర్వాతా అంటూ ఒకే మనిషిని రెండుసార్లు చూస్తే, జతల టెస్టు విల్‌కాక్సన్‌లో ఐదు జతలకు 0.0625 దగ్గరే ఆగిపోతుంది, ఆరో జత కావాలి.

పర్సెంట్ పాజిటివ్ (గేటు గీత దాటి మెరిసిన కణాల శాతం) జోలికి మాత్రం పోవద్దు. పీకులు ఇంత కలిసిపోయినప్పుడు గేటు గీత ఎక్కడ పెడితే పర్సెంట్ అక్కడికే పోతుంది. గీతను మౌసుతో కొంచెం కొంచెం జరుపుతా, కింద అంకె గైడుకి నచ్చేదాకా చూసేవాళ్ళు నాకు తెలుసు. ఎఫ్ఎంఓ ట్యూబు (ఒక్క రంగు తప్ప మిగతావన్నీ వేసి, గీత ఎక్కడ పెట్టాలో చూపే కంట్రోలు) పెట్టమంటే "యాంటీబాడీ ఖర్చన్నా" అంటారు, పనికొస్తుందో లేదో తేలని ఇంకో కంట్రోలు ఐసోటైప్‌కి మాత్రం డబ్బులుంటాయి. ఓవర్టన్ సబ్‌ట్రాక్షన్ (ఒక హిస్టోగ్రాములోంచి ఇంకోదాన్ని తీసేసే లెక్క) వాడితే గీత గోల తప్పుతుంది. కానీ అదిచ్చేదీ పర్సెంటే. పీ విలువ రాదు, మనుషుల సంఖ్యా పెరగదు.

అసలు ఈ తిప్పలన్నీ వైవాలో "స్టార్లేవీ?" (పీ విలువ తక్కువని చూపే గుర్తులు) అని అడిగే ఎగ్జామినర్ల వల్ల. బార్ మీద మూడు స్టార్లుంటే ఎన్‌ (మనుషుల సంఖ్య) ఎంత అని అడగరు, స్టార్ లేకపోతే అరగంట నిలబెడతారు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఐసీయూ వాళ్ళను బతిమాలుకుని శాంపిళ్ళు పోగేస్తా ఉంది. మీరూ అదే చెయ్యండి. దొరక్కపోతే ఒక్కో మనిషికి ఒక్కో చుక్క పెట్టి గ్రాఫ్ గీసి, పీ విలువ గడి ఖాళీగా వదిలెయ్యండి. పక్కన ఒకే ట్యూబుని రెండుసార్లు నడిపిన హిస్టోగ్రాము కూడా పెట్టండి, ఎగ్జామినర్ నోరెత్తితే అది చూపించొచ్చు.