శిల్పం చదవడానికి జర్మనీ వెళ్తే అమ్మాయికి అద్దె గది దొరుకుతుందా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి. గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. విశాఖలో శిల్పకళలో బీఎఫ్ఏ పూర్తిచేసిన మా అమ్మాయి పై చదువుకు జర్మనీ వెళ్తానంటోంది. ఆమె చేసేవి నా కంటికి పగిలిన రాళ్లను పేర్చినట్లే కనిపిస్తాయి. పైగా అక్కడ ఆర్టిస్టులకు ఇల్లు అద్దెకు ఇవ్వరని విన్నాను. పంపించమంటారా?

జవాబు: మీరు అడిగిన రెండింటిలో మొదటిదాని గురించే ఎక్కువ బెంగపడుతున్నట్లున్నారు. నా దృష్టిలో డబ్బు, సమయం పెట్టి ఆలోచించవలసినది రెండవది.

ఆధునిక కళ మీకు నచ్చకపోతే నచ్చలేదనే చెప్పవచ్చు. మచ్చా పగులూ లేని దిమ్మెకే ధర పలికే వృత్తిలో ఉన్నవారికి పగిలిన రాయిని ప్రదర్శనలో నిలబెట్టడం వింతగానే తోస్తుంది. జర్మనీలోనూ అందరూ దానిని తలకెత్తుకోలేదు. 1982లో జోసెఫ్ బాయిస్ అనే కళాకారుడు కాసెల్ నగరంలో మ్యూజియం ఎదుట 7,000 బసాల్ట్ రాళ్లను కుప్ప పోయించి, ఓక్ మొక్క నాటినప్పుడల్లా ఆ కుప్పలోనుంచి ఒక రాయిని తీసి దాని పక్కన పాతించడం మొదలుపెట్టినప్పుడు ఆ ఊరివారిలో చాలామంది విసుక్కున్నారు. 1987లో చివరి మొక్క నాటేనాటికి ఆయన బతికి లేడు. చెట్లు మాత్రం ఇప్పటికీ ఆ వీధులలో రాళ్ల పక్కన నిలిచి ఉన్నాయి. దానిని శిల్పం అనాలా వద్దా అన్న వాదన మనం తేల్చనక్కరలేదు. మీరు గమనించవలసినది ఆమె పనితీరు: ఎవరూ అడగకపోయినా పని చేస్తోందా, ఈ రాయినే ఎందుకు ఎంచుకున్నావని అడిగితే తడుముకోకుండా చెప్పగలుగుతోందా? అక్కడి అకాడమీలు మార్కులకన్నా ముందు ఆమె పనుల పోర్ట్‌ఫోలియోనే చూస్తాయి. ఈ దారి మనవారికి కొత్తదీ కాదు. చిత్తూరు జిల్లా పల్లెలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి లండన్‌లో శిల్పం చదివి, పారిస్‌లో ఒకే ప్లేటు మీదనుంచి అనేక రంగులను అచ్చువేసే పద్ధతికి రూపమిచ్చినవారిలో ఒకరయ్యారు.

ఇక ఇంటి సంగతి. మీరు విన్నది సగం నిజం. అక్కడి యజమానికి కళతో పేచీ లేదు, నెలనెలా రాని ఆదాయంతోనే పేచీ. అతడు గత మూడు నెలల జీతం స్లిప్పులు, షుఫా అనే సంస్థ ఇచ్చే క్రెడిట్ నివేదిక అడుగుతాడు, స్వతంత్రంగా పనిచేసే ఆర్టిస్టు దగ్గర మొదటిది ఉండదు, కొత్తగా దిగినవారి దగ్గర రెండవదీ ఉండదు. అందుచేత ఆమె ముందు విద్యార్థిగానే వెళ్లడం మేలు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే బ్యాంకు ఖాతాలో, వేసే మొత్తం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992. అద్దె, ఆరోగ్య బీమా, తిండి అన్నీ అందులోనే సర్దుకోవాలి కనుక మ్యూనిక్, బెర్లిన్ వంటి నగరాలకన్నా అద్దెలు తక్కువగా ఉండే హాలె, కాసెల్ ఊళ్లలోని కళాశాలలకు ముందుగా దరఖాస్తు చేయమంటాను. స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె అకాడమీలు ఉన్న రాష్ట్రం మన విద్యార్థులనుంచి సెమిస్టరుకు 1,500 యూరోల ఫీజు వసూలు చేస్తుంది.

సీటు వచ్చిన రోజునే విద్యార్థుల వసతి చూసే స్టుడీరెండెన్‌వెర్క్ అనే సంస్థ హాస్టల్ గదికి దరఖాస్తు పెట్టించండి, ఎందుకంటే అక్కడ వెయిటింగ్ లిస్టు నెలల తరబడి ఉంటుంది. అది దొరికేవరకు నలుగురితో కలిసి ఉండే షేరింగ్ ఫ్లాట్‌లో గది చూసుకోవచ్చు. అక్కడ పాతవారు ఇంటర్వ్యూ చేసి మరీ ఎంచుకుంటారు. అందులో నెగ్గడానికి మాట్లాడగలిగినంత జర్మన్ అవసరం, అది చదువుకు ఎలాగూ కావాలి. ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉండండి: గదిలో దిగిన రెండు వారాలలో మునిసిపల్ కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి, దానికి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. అద్దె ఎంత తక్కువైనా, ఆ పత్రం ఇవ్వనంటే ఆ గది వద్దు. అడ్వాన్సు డిపాజిట్‌గా అడిగే మొత్తం మూడు నెలల అద్దెను (నీళ్లు, హీటింగ్ ఖర్చులు కలపకుండా) మించకూడదని చట్టం. దానిని మూడు వాయిదాలలో కట్టే హక్కు కూడా ఉంది. తాను వేరే దేశంలో ఉన్నానని, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తానని చెప్పేవాడు మోసగాడేనని అనుకోండి.

రాయి కోసే పని ఫ్లాట్‌లో కుదరదు, రాత్రి పది దాటితే మామూలు చప్పుడుకే ఫిర్యాదు వస్తుంది. అకాడమీ వర్క్‌షాపులలో విద్యార్థులకు చోటు ఉంటుంది కనుక వేరే స్టూడియో అద్దె గురించి ఇప్పుడు ఆలోచించనక్కరలేదు. అయితే విద్యార్థి వీసా మీద శిల్పాలు అమ్ముకోవాలంటే విదేశీయుల కార్యాలయం అనుమతి కావాలి. ఏడాదికి 140 పూర్తి రోజుల ఉద్యోగానికి ఉన్న వెసులుబాటు ఈ సొంత వ్యాపారానికి వర్తించదు.

చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. ఆ తర్వాత స్వతంత్ర కళాకారిణిగా అనుమతి పొందితే, కళాకారుల సామాజిక బీమా నిధిలో చేరి ఆరోగ్య బీమా, పెన్షన్ చందాలలో దాదాపు సగమే తాను కట్టుకునే అవకాశం ఉంది. జీతం స్లిప్పు లేకుండా ఇల్లు వెతకవలసిన రోజు అప్పుడు వస్తుంది కనుక, విద్యార్థి గది ఖాళీచేసేటప్పుడు అద్దె బకాయిలు లేవని యజమాని చేత ఒక లేఖ రాయించుకుని, పన్ను పత్రాలతో పాటు ఒకే ఫైల్‌లో దాచుకోమని చెప్పండి.