వియ్యపురాలు పెళ్ళికి రాకపోతే

చి. బుజ్జికి,
రాజోలు నుంచి మీ అత్తయ్య దీవెనలు.

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు. కలకత్తా అబ్బాయి, నీతోపాటే ఉద్యోగం, మాఘంలో పెళ్ళి, అదీ మన ఇంటి ముందు పందిట్లోనే. దాచకుండా, ఏడవకుండా నాన్న ఎదురుగా కూర్చుని చెప్పావట. మన ఇంటి ఆడపిల్ల ఆ పని చేసినందుకు నాకు చాలా గర్వంగా ఉంది. కానీ ఫోన్ పెట్టేశాక తెల్లవార్లూ నిద్రపట్టలేదు. ఎందుకో కింద రాశాను. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే రెండోసారి చదువుతావని ఆశ.

తేలిక పనులు ముందు చెప్తాను. పెళ్ళి రిజిస్టర్ చేయించుకోండి. వాళ్ళవైపు వాళ్ళకి రైలు టికెట్లు ఇప్పుడే చేయించు, రాజమండ్రిలో దిగితే కార్లు మనం పంపుదాం. కారం తగ్గించమని వంటవాళ్ళకి నేను చెప్పుకుంటాను. వాళ్ళ ఆచారంలో మంగళసూత్రం ఉండదు, పాపిట్లో సిందూరం పెట్టడమే వాళ్ళకి ముఖ్యం. రెండూ జరిపించుకోండి, దేనికీ పేచీ వద్దు.

భోజనం గురించి మీ అమ్మ చాలా టెన్షన్ పడుతోందట. అంత అక్కర్లేదు. అయితే ఒక్కటి తెలుసుకో. వాళ్ళు మధ్యాహ్నం భోజనం చేదుతో మొదలుపెట్టి తీపితో ముగిస్తారు, ఒకదాని తర్వాత ఒకటి తింటారు. మనం విస్తరి నిండా ఒకేసారి వడ్డించేసి "కానివ్వండి" అంటాం. ఏది ముందో, ఏది దేంట్లో కలపాలో తెలియక వాళ్ళ చెయ్యి ఆగిపోతుంది. పెద్దవాళ్ళ పక్కన మనవాళ్ళని ఒక్కొక్కరిని కూర్చోబెట్టి, వాళ్ళతోపాటే తినమను. చూసి తింటారు. ఎంగిలి పట్టింపు మాత్రం వాళ్ళకీ మనలాగే ఉంది, అక్కడ ఇబ్బంది రాదు.

ఇక నువ్వు ముందుగా నోరు విప్పి చెప్పాల్సింది మీ అమ్మానాన్నల మేనరికం గురించి. మనకది మామూలు. వాళ్ళకి మేనమామ కొడుకైనా మేనత్త కొడుకైనా అన్నదమ్ముడి కిందే లెక్క, "దాదా" అని పిలుస్తారు. ఆ వరసలో పెళ్ళి అంటే వినడానికే కష్టపడతారు. ఇది చిన్న తేడా కాదమ్మా. పెళ్ళిలో మా వాడు, అదే మీ బావ, ఊరుకుంటాడా? "నా మరదల్ని ఎగరేసుకుపోతున్నాడు" అని నలుగురిలో అంటాడు. చుట్టాలంతా నవ్వుతారు. ఎవరో ఉత్సాహంగా ఆ మాట హిందీలో చెప్పేస్తారు. అప్పుడు ఆ అబ్బాయి తండ్రి ముఖం ఎలా అయిపోతుందో నాకు ఇక్కడి నుంచే కనబడుతోంది. మా వాడికి నేను గట్టిగా చెప్తాను. నువ్వు మాత్రం ముందే, నీ నోటితోనే, ఆ ఇంట్లో చెప్పు. సిగ్గుపడుతూ చెప్పకు, వాదించకు. మా వైపు తరతరాలుగా ఉన్న వరస ఇది అని చెప్పి, వాళ్ళు ముఖం చిట్లిస్తే కాసేపు ఓర్చుకో. నువ్వు పుట్టినప్పుడు మా అత్తగారు "మా మనవడికి పెళ్ళాం పుట్టింది" అని వీధంతా బెల్లం పంచింది. ఆవిడ ఆశ తీరలేదని నాకు బాధ లేదు. నువ్వు ఎవరింట్లో ఉన్నా నా కోడలివే.

ఇప్పుడు నాకు నిద్రపట్టనివ్వని సంగతి. మీ చిన్నత్తని నువ్వు ఫొటోలోనే చూశావు. ఆమె పెళ్ళి కూడా ఇదే ఇంట్లో జరిగింది, దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటేడు, 1978లో. విశాఖపట్నంలో ఉద్యోగం చేసేది, అక్కడే పనిచేసే బెంగాలీ అబ్బాయిని ఇష్టపడింది. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మాటో నీకు ఊహకి కూడా అందదు. అయినా మీ తాతయ్య ఒప్పుకున్నాడు. బెంగాలీ నవలలు రాసిన శరత్ బాబు పుణ్యమా అని ఒప్పుకున్నాడు. ఆయన చెక్క బీరువాలో సగం బెంగాలీ నవలల తెలుగు అనువాదాలే. చక్రపాణి గారు తెలుగు చేసిన శరత్ నవలలు చదివి, శరత్ తెలుగువాడేనని నమ్మినవాళ్ళు ఆ కాలంలో ఎందరో. మీ తాతయ్య రాత్రిళ్ళు లాంతరు దగ్గర పెట్టుకుని చదువుతూ తువ్వాలుతో కళ్ళు తుడుచుకునేవాడు. "వాళ్ళూ మనలాంటివాళ్ళేనే, మనసున్నవాళ్ళు" అన్నాడు మా అమ్మతో. ఆ మాట మీదే పెళ్ళి కుదిరింది.

పెళ్ళినాటి పొద్దున విడిదింటి నుంచి వాళ్ళు వచ్చారు. పెళ్ళికొడుకు తండ్రి, మేనమామ, వయసు మళ్ళిన మేనత్త ఒకావిడ, కొందరు కుర్రాళ్ళు. ముందు నడిచే కుర్రాడి చేతిలో పెద్ద పళ్ళెం. అందులో మూరెడు శీలావతి చేప. దాని తలకి సిందూరం పెట్టి, ఒంటికి ఎర్రంచు గుడ్డ చుట్టి, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేశారు. పసుపుతో, మిఠాయిలతో పాటు పెళ్ళికొడుకు ఇంటి నుంచి పెళ్ళికూతురింటికి చేప రావడం వాళ్ళకి మహా శుభం. మా ఇంట్లోనేమో పందిరి వేసింది మొదలు సత్యనారాయణ వ్రతం అయ్యేదాకా నీచు గడప తొక్కదు. పెరట్లో గాడిపొయ్యి దగ్గర వంటబ్రాహ్మలు చేపని చూసి గరిటెలు కింద పెట్టేశారు. చుట్టాల్లో ఎవరో గబగబా వెళ్ళి ఆ పళ్ళెం అందుకుని, పెరటి గుమ్మంలోంచి కాలవగట్టుకి తీసుకుపోయి పడవవాళ్ళకి ఇచ్చేశారు. ఆ మేనత్త అరుగు మీద నిలబడి ఇదంతా చూస్తూనే ఉంది. ఒక్క మాట అనలేదు.

అంతలో మీ తాతయ్య వియ్యపురాలి కోసం చూశాడు. ఆవిడ లేదు. "తల్లేదీ?" అన్నాడు. వియ్యంకుడు రెండు చేతులూ జోడించి, వచ్చీరాని ఇంగ్లీషులో, ఇంటి దగ్గర ఉంది, అది మా పద్ధతి అని చెప్పుకున్నాడు. మధ్యలో ఉన్నాయన దాన్ని "ఆవిడ రాదటండి" అని తెలుగు చేశాడు. అంతే. "కన్నతల్లి రాని పెళ్ళేమిటి? మా పిల్ల అంత తేరగా దొరికిందా?" అని పందిట్లో అందరి ముందూ కేకలేశాడు. ముహూర్తానికి పెళ్ళి అయింది. భోజనాలూ అయ్యాయి. అంపకాల వేళ వియ్యంకులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఆ తర్వాత రాకపోకలు లేవు. మీ చిన్నత్త రాసిన ఉత్తరాలు మీ తాతయ్య విప్పకుండా తిప్పి పంపేశాడు. మొదటి పురిటికి ఒక్కతే వచ్చింది. చేతులకి గాజు గాజులు లేకుండా తెల్లటి శంఖు గాజులు వేసుకుని వస్తే వీధిలో ఆడవాళ్ళు అనరాని మాటలన్నారు. బెంగాలీల్లో అవి ముత్తయిదువ గుర్తులు. వియ్యపురాలు ఎందుకు రాలేదో అప్పుడే చెప్పబోయింది, మీ తాతయ్య లేచి వెళ్ళిపోయాడు. అత్తగారిని వెనకేసుకొస్తోందని మిగతావాళ్ళు అనుకున్నారు. రెండో పురిటికి రానేలేదు. ఆ అల్లుడు ఒక్క సంక్రాంతికి కూడా మన గడప తొక్కలేదు. కొత్త అల్లుడు పండక్కి రాని ఇల్లు గోదావరి జిల్లాల్లో ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. మా అమ్మ ఆ మూడు రోజులూ వండేది, వడ్డించేది, మాట్లాడేది కాదు.

అసలు సంగతి మాకు తలకెక్కింది మీ తాతయ్య పోయాకే. కబురు తెలిసి ఆ వియ్యపురాలు కలకత్తా నుంచి దినాలకి వచ్చింది. మా అమ్మ పక్కన చాప మీద కూర్చుని చెప్పింది, మీ చిన్నత్త తెలుగులో చెప్తూ వచ్చింది. బిడ్డ పెళ్ళి కన్నతల్లి కళ్ళతో చూడకూడదని వాళ్ళ పెద్దల నమ్మకం. చూస్తే బిడ్డకి మంచిది కాదట. అందుకని ఆ రాత్రంతా ఆవిడ కలకత్తాలో కొడుకు పేరు తలుచుకుంటూ మేలుకుని కూర్చుందట. చేపకి చుట్టిన ఆ ఎర్రంచు గుడ్డ తన చేత్తో కుట్టి పంపిందట. ఎవరినీ దెప్పలేదు. చేప ఏం చేశారని కూడా అడగలేదు. మా అమ్మ చీరచెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మీ తాతయ్య చెడ్డవాడు కాదు, బుజ్జీ. కూతురి కోసం కులాన్ని కాదన్నవాడు. నవల్లో బెంగాలీ తల్లి కష్టానికి అన్ని కన్నీళ్ళు కార్చినవాడు, గుమ్మంలో నిలబడ్డ బెంగాలీ తండ్రిని పక్కకి పిలిచి "ఏమిటండీ మీ పద్ధతి, కాస్త చెప్పండి" అని అడగలేకపోయాడు. నవల్లో అయితే మనిషి మనసు రచయితే విప్పి చెప్తాడు. పందిట్లో ఎవరు చెప్తారు? మనమే అడగాలి. ఆ ఒక్క మాట అడిగి ఉంటే నా చెల్లెలు పుట్టింటికి వస్తూ పోతూ ఉండేది. ఆమె పోయినప్పుడు మేము వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అందుకే ఇంతగా రాస్తున్నాను.

కాబట్టి ఆ అబ్బాయి వాళ్ళమ్మగారిని నువ్వే అడుగు: పెళ్ళికి వస్తారా, పాత పద్ధతి పాటిస్తారా అని. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఆ పట్టింపు వదిలేశారు, తల్లులు వస్తున్నారు. వస్తే ముందు వరసలో కూర్చోబెట్టుకుందాం. రానంటే అదీ మంచిదే, కానీ ఆ మాట మీ నాన్నకి, బాబాయిలకి, పురోహితుడికి, ఆఖరికి బాజావాళ్ళకి కూడా ముందే తెలియాలి. అటువైపు కూడా చెప్పు. మన పెళ్ళిలో కన్యాదానానికి తండ్రి పక్కన తల్లి కూడా కూర్చోవాలి. మీ నాన్న అల్లుడి కాళ్ళు కడుగుతుంటే నీళ్ళు పోయాల్సింది మీ అమ్మే. పెళ్ళికూతురి తల్లి పీటల మీద కూర్చోవడం చూసి వాళ్ళలో ముసలివాళ్ళు గుసగుసలాడితే తప్పు పట్టకు. నీ మేలు కోరే భయపడతారు.

అత్తారింటికి వెళ్ళాక పెద్దవాళ్ళు కనబడితే వంగి కాళ్ళకి దణ్ణం పెట్టు. మనం పండక్కో పెళ్ళికో పెడతాం, వాళ్ళు ఊరెళ్ళినా వచ్చినా పెడతారు. బౌభాత్ అని ఒక వేడుక ఉంటుంది, కొత్త కోడలు ఇంటివాళ్ళకి తన చేత్తో అన్నం, నెయ్యి వడ్డిస్తుంది. చెయ్యి వణికినా ఫరవాలేదు, నవ్వుతూ వడ్డించు. దసరాకి అక్కడుంటే నవమినాడు మాంసం వండుతారు. మన ఇంట్లో ఆ తొమ్మిది రోజులూ ఉల్లిపాయ కూడా తరగరు కదా, నీకు వింతగా ఉంటుంది. నువ్వు తినకపోయినా ఎవరూ ఏమీ అనరు, కానీ ముక్కు మూసుకోకు. వాళ్ళ ఇలిష్, మన పులస ఒకే జాతి చేప. వాళ్ళు ఆవపిండితో, ఆవనూనెతో వండుతారు. మన చింతపండు పులుసే గొప్పదనే వాదన మొదటి ఏడాది పెట్టుకోకు.

వాళ్ళకీ మన గురించి ఏవో బొమ్మలు ఉంటాయి. డబ్బింగ్ సినిమాలు చూసి, మీ ఊళ్ళో అందరూ కొడవళ్ళు పట్టుకుని తిరుగుతారా అని ఆ అబ్బాయి చెల్లెలు అడిగిందని మీ నాన్న అన్నాడు. కోపం తెచ్చుకోకు, పిల్లని పిలిచి కాలవలు, కొబ్బరితోటలు చూపించు. మన వెటకారం మాత్రం కాస్త అదుపులో పెట్టాలి. మీ మామయ్యలు ఎంత ఆప్యాయంగా ఉంటే అంత ఎగతాళి చేస్తారు. భాష రానివాడికి ఆ నవ్వులు వినబడతాయి, ఆప్యాయత వినబడదు.

ఇంకొకటి, కాస్త చనువుగా అంటున్నాను. నువ్వు కథలు రాస్తావు. బాగా రాస్తావు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన మర్నాటి నుంచే నీకు కథలు కనబడతాయి: అత్తగారి మాట, మామగారి కోపం, వంటింట్లో ఏ డబ్బా ఎక్కడ ఉండాలన్న గొడవ. రాయకు. కనీసం కొన్నాళ్ళు రాయకు. ఆవిణ్ణి పాత్రగా చూడ్డం మొదలుపెడితే ఆవిడ చెప్పేది సగంలోనే ఆపేసి, మిగతా సగం నువ్వు కల్పించుకుంటావు. ముందు ఆవిడ ఏం తింటుందో, దేనికి భయపడుతుందో, చిన్నప్పుడు ఏ పేరుతో పిలిచేవారో తెలుసుకో. వాళ్ళలో ప్రతివాళ్ళకీ ఇంట్లో పిలిచే ముద్దుపేరు ఒకటి ఉంటుంది. ఆవిడ నీకు ఒక పేరు పెడుతుంది, కాదనకు.

ఆవిడ ఫోన్ నంబరు నాకు పంపు. నాకొచ్చిన హిందీతో నేనే మాట్లాడతాను. చేప తెస్తారా, తెస్తే గుమ్మంలో ఎవరు ఎదురెళ్ళి అందుకోవాలి, అందుకున్నవాళ్ళు తిరిగి ఏమివ్వాలి, తర్వాత దాన్ని ఎవరు వండాలి, ఇవన్నీ ఆవిణ్ణే అడగాలి. వంటవాళ్ళతో మాట్లాడాను, పక్కింటి పెరట్లో వేరే పొయ్యి పెట్టిస్తున్నాను. మీ నాన్నకి ఈ ఉత్తరం చూపించు. ఆ రోజు పదేళ్ళవాడు, కాలవగట్టు దాకా ఆ పళ్ళెం వెనకే పరిగెత్తాడు. వాడికీ గుర్తుండే ఉంటుంది.

దీవెనలతో,
మీ అత్తయ్య