బ్రాడీకైనిన్ టీఆర్‌పీవీ1ని తాకకుండానే ఎలా పనిచేయిస్తుంది?

మీరు రెండు అడిగారు. అగోనిస్ట్ అంటే ప్రొటీన్‌కు అతుక్కునేదే అయితే, అతుక్కోని బ్రాడీకైనిన్ (వాచినచోట పుట్టే పెప్టైడ్) టీఆర్‌పీవీ1 అనే ఛానల్‌ను యాక్టివేట్ చేస్తుందని పుస్తకంలో ఎందుకు రాస్తారన్నది ఒకటి. పొద్దున మిరపకాయలు ముట్టుకున్న చేతులు రాత్రి వేణ్నీళ్లు తగలగానే మళ్లీ ఎందుకు భగ్గుమంటాయన్నది రెండోది. నేను గుంటూరులో ఫార్మసీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతాను. మా అమ్మ, పిన్ని ఏళ్ల తరబడి మిర్చి ముచ్చికలు తీసే పనికి వెళ్లారు. కాబట్టి రెండు ప్రశ్నలూ నాకు దగ్గరివే.

టీఆర్‌పీవీ1 నొప్పిని మోసే నాడీకణాల పొరలో ఉండే అయాన్ ఛానల్, అంటే కాల్షియం, సోడియం లాంటివి దాటే తలుపు. నాలుగు సబ్‌యూనిట్లు కలిస్తే ఒక ఛానల్ అవుతుంది. ఒక్కో సబ్‌యూనిట్ కణపొరను ఆరుసార్లు దాటుతుంది. దీని జన్యువును 1997లో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది. జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి రావడం వెనక ఉన్నది ఈ పనే. మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్‌కు స్పందించని కణాలు తీసుకుని, వాటిలో నాడీకణాల జన్యువులను విడతలుగా ప్రవేశపెట్టి, క్యాప్సైసిన్ పోసి, ఎక్కడ కాల్షియం పెరుగుతుందో వెతికారు. దొరికిన ఛానల్ సుమారు 43 డిగ్రీల వేడికి కూడా తెరుచుకుంది. మిరపకాయకూ, కాలే పెనానికీ ఒంట్లో ఒకే ప్రొటీన్ జవాబిస్తుందని అప్పుడు తేలింది.

ఇక్కడ క్యాప్సైసిన్ నేరుగా ఛానల్ మీదే పనిచేస్తుంది. కొవ్వులో కరిగే అణువు కాబట్టి కణపొరలోకి ఇంకి, లోపలి వైపు నుంచి, పొరను దాటే మూడో, నాలుగో హెలిక్స్‌ల (మెలితిరిగిన భాగాల) పక్కనున్న గుంటలో కూర్చుంటుంది. ఛానల్ తెరుచుకుని కాల్షియం, సోడియం లోపలికి వస్తాయి. మధ్యలో ఏ కైనేజూ (ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) అక్కర్లేదు. పక్షుల టీఆర్‌పీవీ1లో ఆ చోటు వేరుగా ఉంటుంది, అందుకే చిలకలు మిరపచేలో పడి కాయలు హాయిగా తింటాయి.

బ్రాడీకైనిన్ దారి వేరు. దెబ్బ తగిలినచోట, వాచినచోట పుట్టే ఈ చిన్న పెప్టైడ్ బీ2 రిసెప్టర్‌కు అతుక్కుంటుంది. ఆ రిసెప్టర్ జీక్యూ ప్రొటీన్‌ను లేపుతుంది, అది ఫాస్ఫోలైపేజ్ సీని లేపుతుంది. ఆ ఎంజైమ్ పొరలోని పీఐపీ2 అనే కొవ్వును విరగ్గొడితే డీఏజీ అనే ముక్క వస్తుంది, డీఏజీ వల్ల ప్రొటీన్ కైనేజ్ సీ పనిలోకి దిగుతుంది. ఆ కైనేజ్ టీఆర్‌పీవీ1 మీద 502, 800 స్థానాల్లోని సెరీన్‌లకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. తలుపు తీయడం కాదిది, గొళ్లెం వదులు చేసి పెట్టడం. ఆ తర్వాత కొద్దిపాటి వేడి, కొద్దిపాటి కారం చాలు. వాచినచోట పుట్టే మరో పదార్థం ప్రోస్టాగ్లాండిన్ ఈ2 కూడా ఇదే ఫలితం తెస్తుంది. దాని ప్రధాన దారి మాత్రం సైక్లిక్ ఏఎమ్‌పీ అనే కణం లోపలి సందేశ అణువు, ప్రొటీన్ కైనేజ్ ఏల మీదుగా వెళ్తుంది. నొప్పి మాత్ర ఐబుప్రోఫెన్ ఆపేది ఈ ప్రోస్టాగ్లాండిన్ తయారీనే.

ఈ వదులు ఎంతవరకు పోతుందో 2001లో వచ్చిన ఒక ప్రయోగం చూపింది. గాయపడిన కణాల నుంచి కారే ఏటీపీ కూడా ప్రొటీన్ కైనేజ్ సీ ద్వారానే పనిచేస్తుంది. అది ఉన్నప్పుడు ఛానల్ తెరుచుకునే ఉష్ణోగ్రత 42 నుంచి 35 డిగ్రీలకు దిగింది. అంటే మన ఒంటి వేడే సరిపోతుంది! వాచిన వేలు ఏమీ తగలకుండానే సలపడం వెనక ఇదొక కారణం.

కాబట్టి పరీక్షలో బ్రాడీకైనిన్‌ను అగోనిస్ట్ అని రాయకండి, 'సెన్సిటైజ్ చేస్తుంది' అని రాయండి. నా దృష్టిలో అదే సరైన మాట. అయితే పుస్తకాన్ని పూర్తిగా తప్పుపట్టలేం. ప్రొటీన్ కైనేజ్ సీని లేపితే మామూలు గది ఉష్ణోగ్రతలోనే ఛానల్ కొంత తెరుచుకున్నట్టు 2000లో చూపించారు. ఏది నేరుగా పనిచేస్తుందో, ఏది కైనేజ్ ద్వారా పనిచేస్తుందో తేల్చుకోవాలంటే ప్రొటీన్ కైనేజ్ సీ ఇన్హిబిటర్ (దాన్ని ఆపే పదార్థం) వేసి చూడాలి. క్యాప్సైసిన్ అప్పటికీ ఛానల్‌ను తెరుస్తుంది, బ్రాడీకైనిన్ ప్రభావం మాత్రం పడిపోతుంది. నేరు దారి, చుట్టుదారి అనే ఇదే జంటను మా పిల్లలకు క్లోరైడ్‌ను దాటించే సీఎఫ్‌టీఆర్ అనే మరో ఛానల్‌లోనూ చూపిస్తాను. ఫోర్స్‌కొలిన్ అనే పదార్థం సైక్లిక్ ఏఎమ్‌పీ తయారుచేసే అడినైలేట్ సైక్లేజ్‌ను లేపి, కైనేజ్ ఏ ద్వారా దాన్ని తెరిపిస్తుంది, ఐవాకాఫ్టర్ అనే మందు నేరుగా దానికే అతుక్కుంటుంది. 

ఇక చేతుల సంగతి. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. ఉత్త నీళ్లతో కడిగితే చర్మం పైపొరలో మిగిలే ఉంటుంది. రాత్రి వేణ్నీళ్లు తగిలితే ఆ మిగిలిన కారం, వేడి రెండూ ఒకే ఛానల్ మీద కలిసి పడతాయి. ఏ ఒక్కటీ విడిగా మండించేంత ఉండనక్కర్లేదు. అందుకే ముందు కొబ్బరినూనె రాసి బట్టతో తుడిచేయాలి, తర్వాత సబ్బుతో, చల్లటి నీళ్లతోనే కడగాలి. మా ఇంట్లో అమ్మ పని నుంచి రాగానే చేసేది ఇదే. కడిగేదాకా పిల్లల్ని ఎత్తుకునేది కాదు. నోరు మండితే పాలు, పెరుగు పనికొస్తాయి.

చాలాకాలం ఆ పని చేసినవాళ్లకు చేతులు అంతగా మండవు. కాల్షియం ఎక్కువగా లోపలికి వచ్చాక కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్ ఛానల్ మీది ఫాస్ఫేట్లను ఊడదీస్తుంది, పీఐపీ2 కూడా తరుగుతుంది, ఛానల్ మొద్దుబారుతుంది. క్యాప్సైసిన్ గాఢంగా, ఎక్కువసేపు తగిలితే నరాల కొసలే కొన్నాళ్లు వెనక్కి తగ్గుతాయి. సర్పి తగ్గాక మిగిలే నరాల నొప్పికి అమెరికాలో 2009లో అనుమతి పొందిన 8 శాతం క్యాప్సైసిన్ ప్యాచ్ ఈ గుణం మీదే పనిచేస్తుంది. కానీ అదే పాత చేతికి ఎండాకాలంలో వేళ్లు పగిలి వాచాయనుకోండి, బ్రాడీకైనిన్, ప్రోస్టాగ్లాండిన్ చేరి ఫాస్ఫేట్లు మళ్లీ ఎక్కుతాయి. మా పిన్ని బాగా ఘాటైన తేజ రకం కాయలొచ్చిన రోజుల్లో పగుళ్ల దగ్గర తట్టుకోలేక ఏడ్చేది, మిగతా చెయ్యి మామూలుగానే ఉండేది. ఆ పగుళ్లకు నూనె, సబ్బు చాలవు. కారం పోయినా వాపు పోదు. పగులు మానేదాకా గ్లౌజులు వేసుకోవాలి, లేదా ఆ పని మానాలి. పనిలో పెట్టుకునేవాళ్లే గ్లౌజులూ మాస్కులూ ఇవ్వాలి, అది కూలీల సొంత ఖర్చు కాకూడదు. బొబ్బలు లేచినా, రసి కారినా చర్మం డాక్టరుకు చూపించండి.