లాన్‌కు ఎరువు: నవంబరు 15 దాటాక బస్తా విప్పొద్దు

సందేహం: న్యూజెర్సీలో ఈ మధ్యే సొంతిల్లు కొన్నాం. నవంబరు చివర్లో ‘వింటరైజర్’ (చలికాలానికి ముందు వేసే) ఎరువు బస్తా సగం ధరకే దొరికింది. ఇప్పుడు లాన్ మీద చల్లొచ్చా?

చల్లకండి. తడి తగలకుండా మూతి బిగించి గరాజ్‌లో పెట్టండి. 2011లో వచ్చిన రాష్ట్ర ఎరువుల చట్టం ప్రకారం నవంబరు 15 నుంచి మార్చి 1 వరకు ఇంటివాళ్లు నత్రజని గానీ భాస్వరం గానీ ఉన్న ఎరువు లాన్‌కు వేయకూడదు. లాన్ కంపెనీలకు మాత్రం డిసెంబరు 1 వరకు గడువుంది. అందుకే నవంబరు 20న పక్కింట్లో లాన్ కంపెనీ వాళ్లు చల్లుతూ కనిపించినా అది మీకు అనుమతి కాదు. నేలకు వేసే సున్నం (లైమ్) విషయంలో ఈ గడువు లేదు.

చలికాలంలో గడ్డి వేళ్లు ఎరువును దాదాపు తీసుకోవు. నేల గడ్డకట్టి ఉంటుంది కాబట్టి పైన పడ్డ గుళికలు వానకో, కరిగే మంచుకో వీధి పక్కన వాననీరు పోయే స్టార్మ్ డ్రెయిన్‌లోకి పోతాయి. ఆ నీరు చాలాచోట్ల ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగులో కలుస్తుంది. మంచినీటి చెరువుల్లో భాస్వరం, సముద్రపు పాయల్లో నత్రజని నాచును విపరీతంగా పెంచుతాయి. 2019 వేసవిలో హోపాట్‌కాంగ్ సరస్సులో విషపు నాచు పెరిగి జనాన్ని నీళ్లలో దిగొద్దని హెచ్చరించారు. ఈ చట్టం రావడానికి ముఖ్య కారణం బార్నెగాట్ బే అనే సముద్రపు పాయ దుస్థితి.

ఇక అసలు పొరపాట్లు జరిగేది లెక్కలో. బస్తా మీది అంకెలు మన 17-17-17, డీఏపీ బస్తాల వరుసలోనే ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. మధ్య అంకె సున్నా ఉన్నదే కొనండి. కొత్తగా విత్తనం వేస్తున్నప్పుడో, భూసార పరీక్షలో లోటు తేలినప్పుడో తప్ప భాస్వరం వేయకూడదు. ఆ పరీక్ష రట్గర్స్ యూనివర్సిటీ ల్యాబ్‌లో చేస్తారు.

ఒక విడతకు వెయ్యి చదరపు అడుగులకు 0.9 పౌన్ల నత్రజని మించకూడదు. అందులో వెంటనే కరిగేది 0.7 పౌన్లకు లోపే ఉండాలి. ఏడాది మొత్తానికి 3.2 పౌన్లు. అంటే 30-0-4 బస్తా అయితే వెయ్యి అడుగులకు 3 పౌన్ల ఎరువు, ఏడాదిలో మూడు పూర్తి విడతలు. నాలుగోది వేస్తే హద్దు దాటుతుంది. కలుపు మందు కలిసిన ‘వీడ్ అండ్ ఫీడ్’లోని నత్రజనినీ ఇందులోనే కలపాలి.

చాలామంది స్థలం మొత్తానికి లెక్కగట్టి దెబ్బతింటారు. పావు ఎకరం అంటే 10,890 చదరపు అడుగులు. ఇల్లు, డ్రైవ్‌వే, పాటియో తీసేస్తే గడ్డి ఆరు వేలే ఉండొచ్చు. దానికి 18 పౌన్లు చాలు. 33 పౌన్లు పోస్తే గడ్డి మాడుతుంది, మిగులు వాగు పాలవుతుంది.

ఎరువు చల్లే బండిని, అంటే స్ప్రెడర్‌ను, డ్రైవ్‌వే మీద నింపండి, ఒలికింది ఊడ్చి ఎత్తుకోవచ్చు. పైపుతో మాత్రం కడగొద్దు. సగం ఎరువు నిలువుగా, సగం అడ్డంగా నడుస్తూ చల్లితే చారలు పడవు. తర్వాత పావు అంగుళం నీళ్లు పెట్టండి. భారీ వాన సూచన ఉంటే ఆ రోజు మానేయండి. ఇంటి వెనక వాగో చెరువో ఉంటే 25 అడుగులు వదలాలి. ఎరువును నేరుగా కిందికే వదిలే డ్రాప్ స్ప్రెడర్ గానీ, పక్కకు చిమ్మకుండా ఆపే పలక (డిఫ్లెక్టర్) బిగించిన రోటరీ స్ప్రెడర్ గానీ వాడితే 10 అడుగులు చాలు.

మార్చి రాగానే తొందరపడక్కర్లేదు. ఇక్కడి ఫెస్క్యూ, బ్లూగ్రాస్ గడ్డి రకాలకు సెప్టెంబరు మొదలు అక్టోబరు మధ్య వరకు వేసేదే బాగా ఒంటబడుతుంది. వసంతంలో ఒక్క విడత సరిపోతుంది. కోసిన గడ్డిని లాన్ మీదే వదిలేస్తే ఎరువు ఇంకా తగ్గించుకోవచ్చు.

రాష్ట్రం మారితే తేదీలు మళ్లీ చూసుకోండి. న్యూయార్క్‌లో నిషేధం డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 వరకు. ఫ్లోరిడాలోని టాంపాలో అయితే వానలు కురిసే జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు.