ఇంజెక్షన్ లేని స్కాన్ సరే, పది రోజులు ఎందుకు ఆగారు?

ప్రశ్న: నా వయసు 58. బీపీ, షుగర్ ఉన్నాయి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) కొంచెం ఎక్కువ. పది రోజుల కిందట కుడి చెయ్యి పట్టు తప్పింది, మాట తడబడింది. పావుగంటలో సర్దుకుంది. తెలిసినవాళ్లు చెబితే రోజూ ఆస్పిరిన్ వేసుకుంటున్నాను. నిన్న డాక్టర్ ఇంజెక్షన్ లేకుండా మెదడు రక్తప్రసరణ కొలిచే ఎంఆర్ఐ రాశారు. రేడియేషన్ ఉంటుందా? ఇంజెక్షన్ లేకపోతే సరిగ్గా తెలుస్తుందా? వచ్చే నెల చేయించుకోవచ్చా?

జవాబు: వచ్చే నెల దాకా ఆగకండి. ఈరోజో రేపో చేయించుకోండి. మిమ్మల్ని చూడకుండా ఇదే జబ్బు అని చెప్పలేను కానీ, మీరు రాసింది టీఐఏ, అంటే మినీ స్ట్రోక్ లక్షణాల్లా ఉంది. కాదని తేలేవరకు అదేననుకుని కదలాలి. దీని తర్వాత అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం మొదటి 48 గంటల్లోనే బాగా ఎక్కువ. ఆ గండం మీరు ఇంట్లో కూర్చునే దాటారు. తగ్గిపోయింది కదా అని ఊరుకున్నవాళ్లే తర్వాత స్ట్రెచర్ మీద వస్తుంటారు, అందుకే ఈ కోపం.

ఆ ఆస్పిరిన్ సంగతి. రక్తనాళం పూడిందా, చిట్లిందా అన్నది స్కాన్ చేస్తేగానీ తెలియదు. చిట్లి ఉంటే ఆస్పిరిన్‌తో రక్తస్రావం పెరగొచ్చు. అలాగని ఇప్పుడు మీ అంతట మీరు ఆపేయకండి. ఈ విషయం మీ డాక్టర్‌కు చెప్పారా? ఉత్తరంలో ఆ మాటే లేదు.

ఇక స్కాన్. ఎంఆర్ఐలో రేడియేషన్ ఉండదు. మీకు రాసింది బహుశా ఆర్టీరియల్ స్పిన్ లేబులింగ్. మెడ దగ్గర ధమనుల్లో పారే రక్తంలోని నీటికి రేడియో తరంగాలతో ఒక గుర్తు పెట్టి, సుమారు రెండు సెకన్ల తర్వాత అది మెదడులో ఎక్కడికి ఎంత చేరిందో చూస్తారు. గుర్తు పెట్టని బొమ్మతో పోల్చితే వచ్చే తేడా ఒక శాతం అటూఇటూ, అంతే. అందుకే తల కదిపితే లెక్క చెడుతుంది. సగటున 100 గ్రాముల మెదడుకు నిమిషానికి 50 మి.లీ. రక్తం అందాలి. నాళాలు సన్నబడినవారిలో గుర్తు పెట్టిన రక్తం ఆలస్యంగా చేరి, ప్రవాహం ఉన్నదానికన్నా తక్కువగా కనిపించవచ్చు. రిపోర్టులో ఆ మాట చూసి టెన్షన్ పడకండి, డాక్టర్‌తో చదివించుకోండి. క్రియాటినిన్ ఎక్కువున్న మీకు కాంట్రాస్ట్ (స్కాన్ కోసం ఇంజెక్షన్‌గా ఇచ్చే మందు) లేని పద్ధతి ఎంచుకోవడం సబబే. పేస్‌మేకర్, ఒంట్లో లోహపు ముక్కలు ఉంటే ముందే చెప్పండి.

ఈ ఒక్క స్కాన్‌తో పని అయిపోదు. మెడ రక్తనాళాల డాప్లర్ (రక్తప్రవాహం చూసే అల్ట్రాసౌండ్), ఈసీజీ కూడా అవసరమేమో అడగండి. గుండె లయ తప్పినా ఇలా జరుగుతుంది.

మళ్లీ మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా మొదలైన టైమ్ చూసుకుని నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. డాక్టర్ సరే అనేదాకా బండి నడపకండి.